బైక్‌లో ఏ గేర్? స్పీడ్ కాదు, ఆర్పీఎం చూడండి

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ స్పెక్స్ అన్నీ చదువుతాం. బైక్ స్పెక్ షీట్‌లో మాత్రం టార్క్ పక్కన ఉండే ఆర్పీఎం నంబర్‌ని వదిలేస్తాం. క్లాసిక్ 350కి 27 ఎన్ఎం టార్క్ 4,000 ఆర్పీఎం దగ్గరే వస్తుంది. డ్యూక్ 200కి 19 చిల్లర ఎన్ఎం రావాలంటే 8,000 దాకా తిప్పాలి. అందుకే "40 దాటితే టాప్ గేర్" అనే రూల్ అన్ని బండ్లకీ పనిచేయదు.

టాప్ గేర్‌లోనే 30కి పడిపోయి థ్రాటిల్ తిప్పితే బండి గడగడలాడుతుంది తప్ప లాగదు. మైలేజ్ కోసమని చాలామంది ఇలాగే నడుపుతారు. ఆర్పీఎం తక్కువ, లోడ్ ఎక్కువ... నాకింగ్ వచ్చేది ఇక్కడే. ఒక గేర్ తగ్గించండి. క్లచ్ నొక్కి ఉండగానే థ్రాటిల్ కొంచెం ఇచ్చి వదలండి, లేదంటే వెనక చక్రం జర్క్ ఇస్తుంది, తడి రోడ్డు మీదైతే జారుతుంది కూడా.

అసలు తేడా శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే, అవి వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. సెకండ్ లేదా థర్డ్‌లో థ్రాటిల్ మూసి దిగండి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. పైగా అలా దిగేటప్పుడు చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు పెట్రోల్ కట్ చేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది!