ముంజేతి మీద పాఠం

చి. శ్రావణికి,

నర్సింగ్ మొదటి ఏడాది పుస్తకాలు చేతికొచ్చాయనీ, అనాటమీలో పేర్లు చూస్తేనే గుండె జారిపోతోందనీ రాశావు. పేర్లు నోటికి రాక తప్పదమ్మా, అందులో రాయితీ లేదు. కానీ అనాటమీ వేరు, ఫిజియాలజీ వేరు అనుకుని ఒక పుస్తకం మూసి ఇంకోటి తెరవకు. ఏ భాగం గురించి చదివినా, ‘ఇది ఇలా ఎందుకుంది? దీని పనేమిటి?’ అని అడుగు. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరక్కపోతే, కళ్లెదుట ఉన్నదాన్ని కూడా తప్పుగానే అర్థం చేసుకుంటాం.

ఒక ఉదాహరణ చెబుతా. ఇటలీలోని పాదువాలో ఫాబ్రిషియస్ అనే పేరుమోసిన అనాటమీ ఆచార్యుడుండేవాడు. సిరల లోపల పల్చటి కవాటాలున్నాయని గమనించి, 1603లో చక్కటి బొమ్మలతో పుస్తకం వేశాడు. బొమ్మలు బాగానే ఉన్నాయి, వాటి పని దగ్గరే పొరబడ్డాడు. రక్తం కాలేయంలో తయారై, సిరల వెంట అవయవాలకు వెళ్లి, అక్కడే ఖర్చయిపోతుందని రెండో శతాబ్దంలో గాలెన్ చెప్పిన మాటే అప్పటికీ ప్రమాణం. అందుకే, రక్తం ఒక్కసారిగా కాళ్లలోకీ చేతుల్లోకీ దిగిపోకుండా ఈ కవాటాలు నెమ్మదింపజేస్తాయని ఫాబ్రిషియస్ అనుకున్నాడు.

ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే అనే ఆంగ్లేయుడు లెక్క వేసి చూశాడు. మనకిప్పుడు తెలిసిన అంకెలతో నువ్వూ వెయ్యి. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుంది. నిమిషానికి 70 సార్లంటే దాదాపు 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు. మనం తినే తిండితో అంత రక్తం ఎక్కడ తయారవుతుంది? ఒంట్లో ఉన్న సుమారు అయిదు లీటర్లే తిరిగి తిరిగి రావాలి. 1628లో అచ్చయిన తన పుస్తకంలో హార్వే ఈ మాటే చెప్పి, రుజువుగా ముంజేతి బొమ్మలు వేయించాడు.

ఆ బొమ్మల్లోని ప్రయోగం నువ్వూ చెయ్యొచ్చు. సిరలు బాగా కనిపించే స్నేహితురాలిని కూర్చోబెట్టి, మోచేతికి పైన గుడ్డ కాస్త బిగించి కట్టు. ఉబ్బిన సిర మీద అక్కడక్కడా చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి. కవాటాలున్న చోట్లు అవే. ఒక ముడికి దిగువన, మణికట్టు వైపు, సిరను వేలితో నొక్కి పట్టు. ఇంకో వేలితో అక్కడి నుంచి రక్తాన్ని ఆ ముడి దాటేదాకా మోచేతి వైపు తోసి, ఆ రెండో వేలు తీసెయ్. పైనున్న రక్తం వెనక్కి వస్తుంది గానీ ముడి దగ్గరే ఆగిపోతుంది. దాని కింద సిర ఖాళీగా, చదునుగా ఉంటుంది. ఇప్పుడు మొదటి వేలు ఎత్తు. కింది నుంచి చప్పున నిండుతుంది. అంటే సిరలో రక్తం వెళ్లేది గుండె వైపే. చూడటం అయ్యాక వెంటనే కట్టు విప్పెయ్.

ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఏ దారిన చేరుతుందో మాత్రం హార్వే చూడలేకపోయాడు. 1657లో ఆయన పోయాడు. 1661లో మాల్పీఘీ అనే శాస్త్రవేత్త కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి, ఆ రెండింటినీ కలిపే కేశనాళికల్ని కనిపెట్టాడు.

వార్డులో అడుగు పెట్టాక ఈ కవాటాలు నీకు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. నడుస్తున్నప్పుడు పిక్క కండరాలు బిగిసి లోపలి సిరల్ని నొక్కుతాయి, కవాటాలు వెనక్కి రానివ్వవు, రక్తం పైకెక్కుతుంది. కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచి, కాళ్ల సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే ఆడపిల్లల్ని చూస్తే నాకు ఎప్పుడూ ఇదే దిగులు. అలాంటివాళ్లు నీ దగ్గరికొస్తే మధ్యమధ్య నాలుగడుగులు వెయ్యమనీ, ఇంటికెళ్లాక కాళ్లు ఎత్తున పెట్టుకోమనీ చెప్పు. ఎందుకో కూడా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు.

వచ్చే వారం మీకు గుండె పాఠం మొదలవుతుందన్నావు కదా. ఎడమ జఠరిక గోడ కుడి దానికంటే ఎంతో మందంగా ఉంటుంది. రెండూ పంపే రక్తం మాత్రం ఇంచుమించు ఒకటే. మరి మందంలో తేడా ఎందుకు? పుస్తకం చూడకుండా ఆలోచించి, జవాబు నాకు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ