ఇంటికి పంపడానికీ ఒక వరస ఉండాలి

మహానంది



అబ్బీ, అగ్నిపథ్ పథకంలో అగ్నివీరుడిగా నీ నాలుగేళ్ల గడువు దగ్గరపడేకొద్దీ ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపుతారో అన్న దిగులు నీకు సహజం. పంపడం ఏ సైన్యానికైనా తప్పదు. ఏ లెక్కన పంపుతున్నారో సిపాయికి తెలియకపోతేనే అది అన్యాయం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ పరిశ్రమలకు కావలసినవాళ్లను ముందు విడిచిపెట్టబోయింది. వాళ్లలో చాలామంది ఆఖర్న చేరినవాళ్లే. ఏళ్ల తరబడి కందకాల్లో మగ్గినవాళ్లు 1919 జనవరిలో ఎదురుతిరిగారు. చర్చిల్ యుద్ధమంత్రిగా వచ్చి, వయసు, సర్వీసు, గాయాలు చూసి పంపమన్నాడు. ఆ అనుభవంతో 1944లో, రెండో యుద్ధం ముగియకముందే, వయసూ సర్వీసూ కలిపి వరస ప్రకటించారు. రెండు నెలల సర్వీసు ఒక ఏడాది వయసుకు సమానం. అదే యుద్ధం చివర అమెరికా, సర్వీసులో నెలకొక పాయింటు, విదేశంలో గడిపిన నెలకు ఇంకొకటి, బిడ్డకు 12 చొప్పున వేసి, 85 వచ్చినవాళ్లను ముందు పంపింది. మన దగ్గర 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో సమ్మె కట్టిన నావికుల కోరికల్లో త్వరగా విడుదల చేయడం కూడా ఒకటి.

పనితనం ఉన్నవాణ్ణి వరస ప్రకారం వదిలేస్తే సైన్యం ఏం కావాలని అడుగుతారు. నిజమే, అలాంటివాణ్ణి ఆపవలసి రావచ్చు. కానీ ఏ పనికి, ఎన్నాళ్లకు ఆపుతున్నారో చెప్పి ఆపాలి. నాలుగేళ్లేనని తెలిసే చేరారు కదా అనే మాట కూడా ఉంది. గడువు తెలిసే చేరారు, సరే. అయితే నూటికి 25 మందికి మించి ఉంచుకోనప్పుడు, ఆ ఎంపికలో ఎవరికి ఎన్ని మార్కులు ఎందుకు వచ్చాయో సిపాయికి తెలియాలి, తప్పు జరిగితే చెప్పుకునే చోటు ఉండాలి. ఎందుకంటే పింఛను లేకుండా, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి మొత్తంతో తిరిగొచ్చేవాడికి ఆ తీర్పు బతుకును మార్చేస్తుంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో అలాంటివాళ్లకు 2022లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు, మంచిదే. అయితే ఉద్యోగం చేతికి వచ్చినప్పుడే దానికి విలువ.

కాబట్టి సిఫారసుల కోసం తిరగొద్దు. ఒకడు సిఫారసుతో నిలబడితే, అర్హుడైన ఇంకొకడు ఇంటికి పోతాడు. గొడవలకూ దిగొద్దు. 2022 జూన్‌లో ఈ పథకంపై నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, ఒక యువకుడి ప్రాణం పోయింది, పథకం మాత్రం రద్దు కాలేదు. నీ సర్వీసు రికార్డు సక్రమంగా ఉందో లేదో ఇప్పుడే చూసుకో, అనుమానం ఉంటే రాతపూర్వకంగా అడుగు. నిన్ను ఉంచుకున్నా సరే, వెనక్కి వచ్చేవాళ్లకు న్యాయం జరగాలని నువ్వూ గొంతు కలుపు.

ఇట్లు,
నీ పెదనాయన