పౌరసత్వ పరీక్షకు సిద్ధం కావడం

పరిచయం

భారత పౌరసత్వం ఎన్ని విధాలుగా లభిస్తుందో వెనుకటి పాఠంలో చదివారు. పరాయి దేశంలో పుట్టిన వ్యక్తి నిర్ణీత కాలం ఇక్కడ నివసించి, సహజీకరణం ద్వారా మన పౌరసత్వం పొందవచ్చని కూడా తెలుసుకున్నారు. అందుకు 1955 నాటి పౌరసత్వ చట్టం ఒక భాషా షరతు పెట్టింది. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో ఏదో ఒకటి దరఖాస్తుదారుకు తగినంతగా తెలిసి ఉండాలి. ఆ షెడ్యూలులో తెలుగు కూడా ఉంది కనుక, తెలుగు నేర్చుకున్న విదేశీయుడు ఆ షరతును నెరవేర్చినట్లే!

ఇప్పుడు ఇదే విషయాన్ని అవతలి వైపు నుంచి చూద్దాం. మన వారు అమెరికా పౌరసత్వం కోరితే అక్కడి ప్రభుత్వం వారిని ఏమి అడుగుతుంది? ఈ పాఠం చదివిన తరువాత ఆ పరీక్షలో ఏ భాగాలు ఉన్నాయో, ఎవరికి మినహాయింపు ఉందో, ఎలా చదివితే ఫలితం ఉంటుందో మీరు వివరించగలుగుతారు.

ఒక తల్లి సమస్య

గుంటూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి కొడుకు దగ్గరికి వెళ్ళి స్థిరపడిన ఒక తల్లిని ఊహించుకోండి. ఆమె వయస్సు 58 ఏళ్ళు. ఏడవ తరగతితో చదువు ఆగింది. శాశ్వత నివాసం, అంటే గ్రీన్ కార్డు, వచ్చి ఆరేళ్ళయింది. "పెద్దదానివి కదమ్మా, నిన్ను ఇంగ్లీషు అడగరులే" అని ఇరుగుపొరుగు వారు ధైర్యం చెప్పారు. ఆ మాట నిజమేనా?

నిజం కాదు. ఇంగ్లీషు నుంచి మినహాయింపు పొందాలంటే వయస్సు ఒక్కటే చాలదు. దరఖాస్తు చేసే నాటికి 50 ఏళ్ళు నిండి 20 ఏళ్ళు, లేదా 55 ఏళ్ళు నిండి 15 ఏళ్ళు శాశ్వత నివాసిగా ఉండాలి. అప్పుడు కూడా దేశ చరిత్ర, పాలన గురించిన ప్రశ్నలు తప్పవు. అయితే వాటికి దుబాసీ సాయంతో తెలుగులో జవాబు చెప్పవచ్చు. 65 ఏళ్ళు నిండి, 20 ఏళ్ళు శాశ్వత నివాసిగా ఉన్న వారికి మాత్రం ఎంపిక చేసిన 20 ప్రశ్నలు చదివితే సరిపోతుంది. జబ్బు వల్లనో, వైకల్యం వల్లనో నేర్చుకోలేని వారికి డాక్టరు ధ్రువీకరణతో వేరే మినహాయింపు ఉంది. మన ఉదాహరణలోని తల్లికి వీటిలో ఏదీ వర్తించదు. ఆమె ఇంగ్లీషు నేర్చుకోవలసిందే.

సాధారణంగా దరఖాస్తుకు అయిదేళ్ళ శాశ్వత నివాసం కావాలి. అందులో కనీసం సగం కాలం ఆ దేశంలోనే ఉండాలి. సంక్రాంతికి వచ్చి, కూతురి పురుడు పోసి, వేసవి దాకా ఇక్కడే ఉండిపోయే తల్లులు ఈ సంగతి మరువరాదు. ఒక ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగిపోలేదని రుజువు చూపవలసి రావచ్చు.

పరీక్ష ఎలా ఉంటుంది?

ఇది హాలులో కూర్చొని కాగితంపై రాసే పరీక్ష కాదు. ఒక అధికారి ఎదురుగా కూర్చొని మాట్లాడే ముఖాముఖి. చదవడానికి మూడు వాక్యాల వరకు ఇస్తారు, ఒకటి సరిగా చదివితే చాలు. రాయడానికి కూడా అంతే, చెప్పిన వాక్యాన్ని విని రాయాలి. అర్థం చెడనంత వరకు చిన్న అక్షర దోషాలను పట్టించుకోరు. వాక్యాల్లో వచ్చే మాటల పట్టికలను ప్రభుత్వమే ప్రచురించింది.

చరిత్ర, పాలన ప్రశ్నలకు అధికారి నోటితో అడుగుతాడు, మనం నోటితోనే జవాబు చెప్పాలి. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనడం ఉండదు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసిన వారికి 128 ప్రశ్నల పట్టిక ఉంది. అందులోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. పన్నెండు ఒప్పులు కాగానే, లేదా తొమ్మిది తప్పులు కాగానే అడగడం ఆపుతారు. అంతకు ముందు దరఖాస్తు చేసిన వారికి 100 ప్రశ్నల పట్టికే వర్తిస్తుంది. వారిని పది వరకు అడుగుతారు, ఆరు సరిగా చెప్పాలి. 65 ఏళ్ళు దాటిన వారికోసం చెప్పిన 20 ప్రశ్నల పట్టికలోనూ పదికి ఆరే. పాత పుస్తకం కొనే ముందు మీ దరఖాస్తు తేదీ చూసుకోండి.

ఏదైనా భాగంలో తప్పితే 60 నుంచి 90 రోజుల లోపల ఆ భాగానికే మరొక అవకాశం ఇస్తారు. రెండవసారీ తప్పితే దరఖాస్తు తిరస్కరిస్తారు, మళ్ళీ రుసుము కట్టి కొత్తగా దరఖాస్తు చేయాలి. పరీక్ష తప్పినంత మాత్రాన గ్రీన్ కార్డు పోదు. ఈ ఒక్క మాట తెలియక రాత్రులు నిద్ర మానేసే వారున్నారు.

కంఠస్థం ఎంతవరకు పనికివస్తుంది?

మన చదువు వల్లె వేయడంతో మొదలవుతుంది. ఎక్కాలు, పద్యాలు అలాగే వచ్చాయి కనుక ప్రశ్నల పట్టికను కూడా మొదటి నుంచి చివరి వరకు అప్పజెప్పేస్తే సరిపోతుందని అనుకుంటాం. కాని అధికారి వరుసగా అడగడు. ఉదాహరణకు "వాట్ ఈజ్ ద సుప్రీమ్ లా ఆఫ్ ద ల్యాండ్?" అనే ప్రశ్న తీసుకోండి. సుప్రీమ్ అనగానే చాలామంది నోట సుప్రీం కోర్టు వస్తుంది. ల్యాండ్ అనగానే మన తల్లికి పట్టాదారు పాసుపుస్తకం గుర్తుకు రావచ్చు, ఆమె తప్పేమీ లేదు. ఇక్కడ ల్యాండ్ అంటే దేశం. దేశానికి అన్నింటికన్నా పై చట్టం ఏది అన్నది ప్రశ్న. జవాబు: రాజ్యాంగం.

100 ప్రశ్నల పట్టికలో, అమెరికా రాజ్యాంగంలోని మొదటి మూడు మాటలేవో చెప్పమనే ప్రశ్న ఉంది. "వీ ద పీపుల్" అంటే సరి. కొత్త పట్టికలో ఆ మూడు మాటలను ప్రశ్నలోనే ఇచ్చి, వాటి అర్థం అడుగుతారు. ప్రజలే తమను తాము పాలించుకుంటారని చెప్పగలగాలి. మన రాజ్యాంగ పీఠిక కూడా ప్రజల పేరుతోనే మొదలవుతుందని మీరు చదివారు. ఆ పాఠం అర్థమైన వారికి ఈ జవాబు కొత్తది కాదు.

ఇలాగే తెలిసిన దానితో పోల్చి చదవండి. వారి ప్రతినిధుల సభలో ఓటు హక్కు గల సభ్యులు 435 మంది. మన లోక్‌సభలో వలె అక్కడా జనాభాను బట్టి రాష్ట్రాలకు స్థానాలు దక్కుతాయి. సభ్యుల పదవీకాలం మాత్రం రెండేళ్ళే. వారి సెనేటు మన రాజ్యసభను పోలి ఉంటుంది. రెండింటిలోనూ సభ్యుల పదవీకాలం ఆరేళ్ళు. అయితే రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలుంటే, సెనేటులో చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ రెండేసి. రాష్ట్రాలు 50, సెనేటర్లు 100. ఇంత అర్థమైతే ఆ అంకెను వేరుగా వల్లె వేయనక్కర లేదు.

పోలిక తప్పుదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడుచుకుంటారు. అక్కడ కార్యనిర్వాహక శాఖకు అధిపతి అధ్యక్షుడే. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, అక్కడ ప్రజలు ఎన్నుకుంటారు. అందువల్లనే మీ రాష్ట్ర గవర్నరు ఎవరు, సెనేటర్లు ఎవరు అనే ప్రశ్నలకు జవాబు ఎన్నికల తరువాత మారిపోతుంది. వీటిని వెళ్ళే వారం సరిచూసుకోవాలి.

"ఆఁ ఆఁ" ప్రమాదం

నిజానికి చాలామందికి చిక్కు ఈ ప్రశ్నలతో కాదు, దరఖాస్తులోని మాటలతో. అధికారి దరఖాస్తు చూస్తూ, ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా మీరు అమెరికా పౌరులమని చెప్పుకున్నారా అని అడుగుతాడు. ఆ జవాబులను బట్టే ఇంగ్లీషు మాట్లాడగలరా లేదా అన్నది తేలుస్తాడు. పెద్దవారు ఎదురుగా ఉంటే అర్థం కాకపోయినా తల ఊపి "యెస్, యెస్" అనడం మన మర్యాద. ఇక్కడ ఆ మర్యాద కొంప ముంచుతుంది. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగవచ్చు, అది తప్పు కాదు. ఓత్ అంటే ప్రమాణం అని, అలీజియన్స్ అంటే విధేయత అని సొంత మాటల్లో చెప్పడం సాధన చేయండి.

ముందే ఆలోచించవలసినది

ఈ అవకాశం మన వారికి సులువుగా రాలేదు. అమృత్‌సర్ ప్రాంతం నుంచి వెళ్ళి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు, అతడు తెల్లవాడు కాడన్న కారణంతో, అక్కడి సుప్రీం కోర్టు 1923లో పౌరసత్వం నిరాకరించింది. 1946 నాటి చట్టంతోనే భారతీయులకు ఆ ద్వారం తెరుచుకుంది. పంజాబు నుంచి వెళ్ళిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో ప్రతినిధుల సభకే ఎన్నికయ్యాడు.

అయితే ఒకటి పొందినప్పుడు మరొకటి వదులుకోవాలి. తన ఇష్టంతో ఇతర దేశ పౌరసత్వం స్వీకరించిన వ్యక్తి భారత పౌరసత్వం కోల్పోతాడని మన చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. పాస్‌పోర్టు అప్పగించాలి. విదేశీ భారత పౌరుల కార్డు తీసుకుంటే వీసా లేకుండా వచ్చి ఉండవచ్చు. కాని ఓటు ఉండదు, కొత్తగా వ్యవసాయ భూమి కొనే హక్కు ఉండదు. ఊళ్ళో పొలం పక్క చెక్క కొనాలని ఏళ్ళుగా ఆశపడుతున్న తల్లితో ఈ మాట దరఖాస్తు నింపక ముందే చెప్పాలి. ఆమె సంతకం కనుక నిర్ణయం కూడా ఆమెదే. కొడుకు ఎంత తొందరపడినా సరే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 58 ఏళ్ళ వ్యక్తి 16 ఏళ్ళుగా శాశ్వత నివాసి. ఏ భాగం నుంచి మినహాయింపు ఉంది, ఏ భాగం నుంచి లేదు?
2. 128 ప్రశ్నల పట్టికపై పరీక్షకు వెళ్ళిన వ్యక్తి 10 సరిగా, 9 తప్పుగా చెప్పాడు. అధికారి 20వ ప్రశ్న అడుగుతాడా?
3. మీ ఇంట్లో ఒకరిని అధికారిగా కూర్చోబెట్టండి. పట్టికలోని ఏవైనా పది ప్రశ్నలను వరుస తప్పించి అడగమనండి. తడబడిన ప్రశ్నలోని ఏ మాట అర్థం కాలేదో నోటు పుస్తకంలో రాసుకోండి.

జవాబులు: 1. ఇంగ్లీషు నుంచి మినహాయింపు ఉంది, చరిత్ర, పాలన ప్రశ్నల నుంచి లేదు, వాటికి తెలుగులో జవాబు చెప్పవచ్చు. 2. అడగడు. తొమ్మిదవ తప్పుతోనే ఆ భాగం ముగిసింది, ఆ భాగానికి మరొక అవకాశం ఉంటుంది.