సమాధి శిలపై అక్షరము

లింగాంగ సామరస్యము పొందిన భక్తునకు మరణము లేదని మన పెద్దలు చెప్పుదురు. అంగము మట్టిలో కలియును. ప్రాణము లింగమున లీనమగును. కావుననే వీరశైవులలో దహనము లేదు. ఇష్టలింగమును కరమున నిలిపి, దేహమును పద్మాసనమున కూర్చుండబెట్టి, విభూతి బిల్వముల నడుమ సమాధి చేయుట మన సంప్రదాయము. ఇచ్చట ఒక ప్రశ్న కలుగును. శివైక్యము పొందినవారికి రాతిపై పేరు ఎందులకు?

ఆ పేరు వెళ్ళినవారి కొరకు కాదు, రాబోవువారి కొరకు. మనుమడు తన తాత సమాధి ఏదియో తెలిసికొనుటకును, మఠమున శిష్యుడు గురుపరంపర క్రమమును తెలిసికొనుటకును అది ఆధారము. లౌకికమైన మరియొక కారణమును కలదు. చుట్టును దహనము చేయువారే అధికముగా నున్న గ్రామములలో మన రుద్రభూమి చిన్నది. సమాధులపై అక్షరములు స్పష్టముగా నున్నంత కాలము ఆ భూమి ఎవరిదో ఆ రాళ్ళే సాక్ష్యము చెప్పును. అక్షరము చెరిగినచో సమాధి శిల వట్టి రాయి యగును. వట్టి రాయి ఏ గోడకో, ఏ గడపకో పోవును. కావున అక్షరము నిలుచునట్లు చెక్కించుట ఆడంబరము కాదు, బాధ్యత.

బొమ్మలగుట్ట నేర్పు పాఠము

ఈ విషయమున మనకు దూరదేశముల ఉదాహరణములు అక్కరలేదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలము కురిక్యాల సమీపమున బొమ్మలగుట్ట కలదు. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945 నాట ఆ గుట్ట రాతిపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము చెక్కించెను. అందలి తెలుగు కంద పద్యములు మన భాష ప్రాచీనతకు గొప్ప ఆధారములు. వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానమున వెలసిన పంపని తల్లిదండ్రుల పేర్లు, వంశము ఈ శాసనము వలన తెలియుచున్నవి.

అది జైన శాసనమైనను అందు మనము నేర్చుకొనదగినది మిక్కుటముగా నున్నది. ఒక తమ్ముడు తన కుటుంబమును గూర్చి చెక్కించిన మాటలు వేయి యేండ్లకు పైగా ఎండకు, వానకు నిలిచినవి. వానిని నిలిపినది రంగు కాదు; గట్టి రాయి, ఉలి గాటు. నేడు మన సమాధులపై పెక్కింట పాలరాతి పలకపై పైపైన గీచి నల్లరంగు నింపుచున్నారు. కొన్ని వర్షాకాలములు గడచునప్పటికి రంగు రాలిపోవును. రంగు రాలిన పిదప చదువుటకు గాటు ఉండదు. కావున ఈ పాఠమునకు మూలసూత్రము ఒక్కటే: రంగు లేకున్నను చదువవచ్చినదే నిజమైన చెక్కుడు.

రాయి

కరీంనగర్ ప్రాంతము గ్రానైటుకు ప్రసిద్ధము. గోదావరి తీరమున మంచిర్యాల, చెన్నూరు, మంథని వైపు ఇసుకరాయి దొరకును. ఆదిలాబాద్ ప్రాంతమున సున్నపురాయియు, నల్లని అగ్నిశిలయు కలవు. ఇవి అన్నియు ఒక్క రీతిగా అక్షరమును మోయవు. ఇసుకరాయి ఉలికి సులభముగా లొంగును, కాని పొరలు పొరలుగా రాలును. సున్నపురాయి, షాబాదు బండ, పాలరాయి పులుపునకు కరుగును. గ్రానైటు చెక్కుటకు కష్టము, కాని చెక్కిన పిదప నిలుచును.

గ్రానైటులోను భేదము కలదు. మన జిల్లా నుండి విదేశములకు ఎగుమతి యగు టాన్ బ్రౌన్ రాయి చూచుటకు అందమైనది. కాని దానియందలి పెద్ద పెద్ద గోధుమ రంగు మచ్చల నడుమ చిన్న అక్షరములు కంటికి ఆనవు. అట్టి రాతిపై అక్షరములు పెద్దవిగాను లోతుగాను ఉండవలెను. సన్నని రేణువులు గల నల్ల గ్రానైటు అక్షరములకు శ్రేష్ఠము. మెరుగు పెట్టిన తలము నల్లగా నుండి, ఉలి తగిలిన చోటు తెల్లబూడిద వన్నెగా కనిపించును గనుక రంగుతో పని లేకయే చదువవచ్చును.

అక్షర రూపము

తెలుగు లిపి గుండ్రనిది, భేదములు సూక్ష్మములు. ద, ధ లకు నడిమి భేదము క్రింది చిన్న గీత మాత్రమే. ప అక్షరమునకు తలకట్టు విడిగా నుండును. వ అక్షరమునకు కలిసి యుండును. ఆ సన్నని ఎడము ధూళితోనో, విభూతితోనో పూడినచో ఏమగునో యోచింపుడు. బసప్ప బసవ్వ యగును. మల్లప్ప మల్లవ్వ యగును. రెండు తరములు గడచిన పిదప ఆ సమాధి తాతదో అవ్వదో చెప్పగలవారు ఉండరు.

కావున ప్రధాన నామము రెండంగుళముల ఎత్తునకు, తక్కిన అక్షరములు ఒక అంగుళమునకు తగ్గకుండ చూచుకొనవలెను. గీత మందము అక్షరపు ఎత్తులో ఎనిమిదవ వంతైనను ఉండవలెను. ఒత్తులు క్రిందికి దిగును, గుడి పైకి లేచును. కనుక పంక్తికిని పంక్తికిని నడుమ ఒక అక్షరమంత చోటు విడువవలెను. అలంకారపు మెలికలు వలదు. ఎక్కువ మాటలను చిన్న పలకపై ఇరికించుట కన్న తక్కువ మాటలను పెద్దవిగా చెక్కించుట మేలు. పాల్కురికి సోమనాథుడు అందరికి తెలియు జానుతెనుగును ఆదరించెను. పలుకునకు చెల్లిన ఆ నీతి రాతకును చెల్లును.

చెక్కుడు

గాటు వాలుగా దిగి అడుగున కోసుగా కలియునట్లు చెక్కుట ఉత్తమము. అట్టి గాటులో ఒక వైపు వెలుగు, మరియొక వైపు నీడ పడి అక్షరము తనంతట తానే కనిపించును. లోతు, గీత వెడల్పులో సగమునకు తగ్గరాదు. ఇసుకను వేగముగా చిమ్మి చెక్కు యంత్రపు పనియు మంచిదే. అయితే తగిన లోతు వచ్చువరకు చేయించవలెను. లేజరు రాత నల్ల రాతిపై తలమును మాత్రమే తెల్లబరచును. చిత్రములకు అది చాలవచ్చును, వంశనామమునకు చాలదు.

చెక్కువారు తమకు ఇచ్చిన నమూనాను అనుసరింతురు. కావున అక్షరములను నిజపరిమాణమున కాగితముపై వ్రాయించి, ఇద్దరు చదివి సరిచూడవలెను. ఆ ఇద్దరిలో ఒకరు కుటుంబమునకు చెందనివారైన మంచిది. తెలిసిన పేరును కన్ను తప్పుగా నున్నను ఒప్పుగానే చదువును. శిలపై తప్పు పడినచో దిద్దుటకు వీలు లేదు.

ఏమి వ్రాయవలెను

తెలుగు సంవత్సరము పేరు అరువది యేండ్లకు ఒకసారి తిరిగి వచ్చును. ప్రభవ అని మాత్రమే వ్రాసినచో అది 1927 నాటిదో 1987 నాటిదో తెలియదు. కావున సంవత్సరము, మాసము, తిథితో పాటు క్రీస్తు శకమును వేయవలెను. నిజాము పాలన నాటి సమాధులపై ఫసలీ సంవత్సరము ఉండవచ్చును. దానికి 590 కలిపినచో క్రీస్తు శకము సుమారుగా వచ్చును. ఫసలీ 1357 అనగా 1947-48. ఊరి పేరు తప్పక ఉండవలెను. జిల్లా పేరు ఒక్కటియే నమ్మదగినది కాదు. 2016లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల మున్నగు కొత్త జిల్లాలు ఏర్పడినవి. ఊరి పేరు సామాన్యముగా జిల్లా పేరు కన్న స్థిరమైనది.

కాపాడుట

పలకను నేలపై పరచినచో నీరు అక్షరములలో నిలుచును; నిలువుగానో ఏటవాలుగానో నిలుపవలెను. పలక అడుగు మట్టిని తాకరాదు. నేలలోని చెమ్మ పైకి ఎగబ్రాకి, తనతో తెచ్చిన లవణమును రాతి తలమున విడుచును. ఆ స్ఫటికములు పెరిగి రాతి రేణువులను నెట్టివేయును. సమాధిలో ఉప్పు వేయు ఆచారమున్న చోట ఈ జాగ్రత్త మరింత అవసరము. దిమ్మె కట్టి, అక్షరములు నేల నుండి అడుగు ఎత్తునకు పైగా నుండునట్లు చూడవలెను.

మఠములలో సమాధికి అభిషేకము జరుగును. పెరుగు, నిమ్మరసము పాలరాతిని సున్నపురాతిని తినివేయును. నూనె ధూళిని పట్టి నిలుపును. అభిషేకము ఆపవలసిన పని లేదు. పేరు చెక్కిన పలకను అభిషేక జలము పారని పక్కగోడకు అమర్చిన చాలును.

పాచి పట్టినచో మంచినీరు, మెత్తని కుంచె వాడవలెను. యాసిడు, ఇనుప తీగల బ్రష్షు, గరుకు కాగితము వాడరాదు; అవి పాచితో పాటు అక్షరమును కూడ తీసివేయును. మాసిన అక్షరములను చదువుటకు సుత్తి, ఉలి అక్కరలేదు. ఉదయమున గాని సాయంకాలమున గాని ఏటవాలు ఎండలో చూడుడు. లేదా రాత్రి వేళ చేతిదీపమును రాతికి పక్కగా పట్టుడు. మధ్యాహ్నము కనిపించని గాటు అప్పుడు నీడతో లేచి కనిపించును. ఆ వెలుగులోనే ఛాయాచిత్రము తీయవలెను. పాత అక్షరములపై ఊహతో తిరిగి చెక్కుట మాత్రము కూడదు. అసలు పేరు దానితో శాశ్వతముగా పోవును. పాత పలకను అట్లే యుంచి, ప్రక్కన కొత్త పలక నిలుపుట ఉచితము.

కాయకము, జంగమము

పన్నెండవ శతాబ్దిలో బసవేశ్వరుడు కాయకమునకు పూజతో సమానమైన గౌరవమిచ్చెను. రాతిపై అక్షరము చెక్కువాని పనియు కాయకమే. ధర తగ్గించి, గడువు కుదించి, తొందరపెట్టి చేయించిన చెక్కుడు లోతు తగ్గును. తగిన కూలియు తగిన కాలమును ఇచ్చుట చెక్కించువారి ధర్మము.

స్థావరము నశించునని, జంగమము నిలుచునని బోధించినవాడు ఆ బసవేశ్వరుడే. ఎంత గట్టి రాయి యైనను స్థావరమే. కావున సమాధిపై నున్న ప్రతి మాటను మఠపు పుస్తకమునను, ఇంటి పుస్తకమునను వ్రాసి యుంచుడు. ఏటికొకసారి పిల్లలను సమాధి కడకు కొనిపోయి, ఆ పేర్లను వారిచేత బిగ్గరగా చదివింపుడు. పిల్లవాడు తడబడిన చోటనే అక్షరము మాయుట మొదలైనదని గ్రహింపవచ్చును. రాయి పేరును మోయును. ఆ పేరును నడిపించువారు మనము.