బడిపంతులు నేర్పిన బంతియాట

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందలి బాలురకు కబడ్డీయన్నను, క్రికెట్టన్నను గల మక్కువ ఫుట్‌బాలుపై లేదు. ఈ మూడు ఊళ్ళును పూర్వము హైదరాబాదు సంస్థానములో నల్లగొండ జిల్లాలోనివి. ఆ సంస్థానపు రాజధానియే ఒకప్పుడు భారతదేశమునకు ఫుట్‌బాలు నేర్పినదన్న సంగతి విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. నేర్పినవాడు ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొంది, కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. వ్యాయామవిద్యలో కూడ ఆయన శిక్షణ పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్సు కప్పును ఆ జట్టునకు సంపాదించిపెట్టెను. కలకత్తావారి ఆటయని పేరుపడిన ఫుట్‌బాలులో దక్కనుజట్టు ఇట్లు నెగ్గుట అందరకును ఆశ్చర్యమైనది.

ఆయన నేర్పు విధము చూడుడు. మనలో పెక్కురు ఒక కాలితోనే బంతిని తన్నుదురు. రెండవది నిలబడుటకు మాత్రమే పనికివచ్చును. ఈ అలవాటు మాన్పుటకై రహీం ఒక వింతపోటీ ఏర్పరచెను. అందులో వాటముకాని కాలితోనే బంతిని తన్నవలెను. మరియొక పోటీలో బంతిని వెంటనే తోడివాని కందింపవలెనే కాని, ఒంటరిగా దానిని నడిపించుకొని పోరాదు. కుడిచేతివాటపు పిల్లవానిని ఎడమచేత దస్తూరి వ్రాయుమన్నట్లున్నది కదా! ఇట్టి యుపాయము పంతులకు గాక మరెవ్వరికి తోచును?

శిష్యుల ఇంటి స్థితిగతులు కూడ ఆయన యెరుగును. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేదబాలు డుండెను. హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుటకు ఆతనికి దారిఖర్చు లేదు. అద్దె సైకిలునకు కావలసిన పైకమును రహీమే ఇచ్చి రప్పించెను. ఆ బాలుడే తరువాత రెండు ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడెను.

రహీం శిక్షణలో మనజట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానును ఓడించి స్వర్ణపతకము గెలిచెను. మరుసటియేడే హెల్సింకి ఒలింపిక్సు. ఫిన్లాండు దేశపు చలిలో మన ఆటగాండ్రు పెక్కుమంది బూట్లు లేకయే దిగిరి. యుగోస్లావియా (ఆ దేశము నేడు లేదు) పది గోల్సు చేయగా, మనవారు ఒక్కటి మాత్రమే చేయగలిగిరి. దేశమంతయు తలవంచుకొన్నది. అటుపిమ్మట మన ఆటగాండ్రకు బూట్లు విధిగా నియమింపబడెను.

ఇట్టి పరాభవమును చవిచూచిన గురువు మరియొకడు పోలెండు దేశమున గలడు. కజిమీర్ గుర్‌స్కీ 1948లో తన దేశమునకై ఒకే ఒక అంతర్జాతీయ పోటీలో ఆడెను. దానిలో డెన్మార్కు చేతిలో పోలెండు 0–8 తేడాతో ఓడినది. ఆట సగమైనను కాకమునుపే ఆయనను వెలుపలికి పిలిచివేసిరి! అట్టివాడే శిక్షకుడై 1972లో మ్యూనిక్ ఒలింపిక్సున స్వర్ణపతకమును, 1974 ప్రపంచ కప్పులో మూడవస్థానమును, 1976లో మాంట్రియల్ ఒలింపిక్సున రజతమును పోలెండునకు తెచ్చెను. గొప్పయాటగాడే గొప్పగురువు కావలెనని నియమము లేదు.

రహీం విషయమునకు వత్తము. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున మనజట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేసెను. సెమీ ఫైనలులో ఎదుట నిలిచినది మరల యుగోస్లావియాయే. ఈసారి మొదట గోలు చేసినది మనవారే! తుదకు 1–4 తేడాతో ఓడినను, నాలుగేండ్లలో ఎంత దూరము నడిచిరో ఆ అంకెలే చెప్పుచున్నవి. మనకు నాల్గవస్థానము లభించెను. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదువారు ఆ జట్టులో నుండిరి.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడలలో వచ్చెను. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనలను 2–0 తేడాతో ఓడించెను. తరువాతి పోటీలో రక్షకుడైన జర్నెయిల్ సింగుకు తల పగిలి కుట్లు పడెను. అదిగాక, ఇజ్రాయేలు, తైవానులకు ప్రవేశము నిరాకరించుటపై మన క్రీడాధికారి ఒకరు ఆక్షేపణ తెలుపగా, ఇండోనేషియా ప్రజలు భారతీయులపై ఆగ్రహించి యుండిరి.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదుట అదే దక్షిణ కొరియా. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారిని గేలిచేయుచుండిరి. పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మాత్రము మనవారిని ప్రోత్సహించిరని ఆనాటివారు చెప్పుదురు. రహీం అప్పుడు రెండు సాహసములు చేసెను. తలకు కట్టుతోనున్న జర్నెయిలును రక్షణపంక్తినుండి తీసి, సెమీ ఫైనలునందువలెనే ముందుపంక్తి నడుమ నిలిపెను. జ్వరమునుండి అప్పుడే కోలుకొనుచున్న పొడగరి తంగరాజును గోలు కాచుటకు పంపెను. కొరియావారు బంతిని ఎత్తుగా కొట్టుదురని ఆయన యెరుగును. ఇరువది నిమిషములలోనే ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలును, జర్నెయిల్ మరియొక గోలును చేసిరి. కొరియావారు తుదిలో ఒకటి మాత్రమే చేయగలిగిరి. స్వర్ణపతకము మనదయ్యెను.

తొమ్మిది నెలలు గడచినవో లేదో, 1963 జూన్ 11వ తేదీన రహీం క్యాన్సరు వ్యాధిచే కన్నుమూసెను. ఆయన కప్పటికి 53 సంవత్సరములు. శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కార మేర్పడినది 1985లో. హైదరాబాదువాడే యైన సయ్యద్ నయీముద్దీన్ దానిని 1990లో పొందెను. ఆ నయీముద్దీన్ నాయకుడుగా 1970లో బ్యాంకాకునందు మనజట్టు కాంస్యపతకము గెలిచెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునకు మనకు వచ్చిన కడపటి పతకము అదియే.