ఒక్క బొమ్మ ముందు అరగంట

అల్ అమెరాత్

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. మీ హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియమ్స్‌లో రాబోయే ప్రదర్శనల పట్టిక అంతా రాసి, ఒక్కటి కూడా వదలనన్నావు. కొత్త ప్రదర్శనల ప్రారంభాలు, క్యూరేటర్ల ప్రసంగాలు, నెలాఖరు గురువారం రాత్రి సందడి, అన్నీ అందులో ఉన్నాయి. వెళ్ళొచ్చినవాటి ఫొటోలు ఇంటి గ్రూపులో చూసి అందరూ మురిసిపోయారు, నేనూ మురిశాను. కానీ అంత పెద్ద ఉత్తరంలో ఒక బొమ్మ గురించి గానీ, ఒక రంగు గురించి గానీ, ఒక ముఖం గురించి గానీ ఒక్క వాక్యం లేదు. అదే నా బెంగ. చలికి గొంతు పట్టేసిందని మీ అమ్మ చెప్పింది. ముందు వేడినీళ్ళు తాగి, ఆ తర్వాత ఇది చదువు.

మా అమెరాత్ పార్కులో చలికాలం మస్కట్ నైట్స్ ఉత్సవం జరిగితే జనం అన్ని దుకాణాలూ, అన్ని ఆటలూ తిరిగి చూస్తారు. ఉత్సవానికి వెళ్ళేది అందుకే. విశ్వవిద్యాలయం మ్యూజియం పట్టిక కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, అందుకే మనిషి పొరబడతాడు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో పరిశోధకులు గడియారం పెట్టి లెక్కగట్టి 2001లో ప్రచురించారు. సగటు 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లు కూడా లేదు. పేరు పలక చదవడానికి పట్టే సమయం కూడా అందులోనే. ఇలా గదులన్నీ తిరిగి వచ్చిన మనిషి చాలా చూశాననుకుంటాడు. నిజానికి ఆయన నడిచాడు, అంతే.

ఫోను సంగతి కూడా చెప్పాలి, విసుక్కోకు తల్లీ. అమెరికాలోనే ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అక్కడి బెల్లార్మిన్ మ్యూజియంలో విద్యార్థులను తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నింటిని ఫొటో తీయమని చెప్పింది. ఫొటో తీసినవే వాళ్ళకు తక్కువ గుర్తున్నాయి. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలోనే మరో ఫలితం కూడా ఉంది. వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకం దెబ్బతినలేదు. తమ ఇష్టంతో తీసుకునే ఫొటోలు కంటికి కనిపించినదాన్ని గుర్తుంచుకోవడానికి సాయపడతాయనీ, చెవిన పడినదాన్ని మాత్రం మరిపిస్తాయనీ 2017లో ఇంకొందరు తేల్చారు. నువ్వు నాతో వాదించడానికి ఇది పనికొస్తుందని తెలిసే చెబుతున్నాను. అయినా ఈ రెండూ చెప్పేది ఒకటే, మనసు దేనిమీద నిలిస్తే అదే మిగులుతుందని. నీ ఫొటోల్లో బొమ్మ వెనక ఉంది, నువ్వు ముందున్నావు. నీ ముఖం చూడటం మాకు ఎప్పుడూ సంతోషమే, అవి పంపుతూనే ఉండు. కానీ ముందు బొమ్మను చూడు, బయటికి వచ్చాక గుమ్మం దగ్గర ఫొటో దిగు.

ఎంతసేపు చూడాలని అడుగుతావు. మీ విశ్వవిద్యాలయంలోనే కళాచరిత్ర చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒక్క కళాకృతి ముందు మూడు గంటలు కూర్చోమంటుంది. జాన్ సింగిల్టన్ కోప్లీ 1765లో వేసిన, ఉడతను పెంచుకుంటున్న కుర్రవాడి చిత్రం ముందు ఆవిడే కూర్చుని చూసింది. కుర్రవాడి చెవి ఆకారమూ ఉడత పొట్ట అంచున ఉన్న తెల్లటి జూలు ఆకారమూ ఒకటేనని కనిపెట్టడానికి ఆవిడకు తొమ్మిది నిమిషాలు పట్టింది. వెనక తెర మడతల్లో ఆ చెవీ కన్నూ మళ్ళీ దాగి ఉన్నాయని తెలియడానికి ముప్పావుగంట పట్టింది. జీవితమంతా బొమ్మలు చూసిన కళ్ళకే అంత సమయం కావలసి వస్తే, 17 సెకన్లలో మనకేం దొరుకుతుంది? మన అమరావతి శిల్పాలనే తీసుకో. చెన్నై మ్యూజియంలో బుద్ధుడి కథలోని నలగిరి ఏనుగు ఘట్టం చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. గబగబా చూసి పోయేవాళ్ళకు అందులో రెండు ఏనుగులు కనిపిస్తాయి. నిలబడి చూసినవాళ్ళకు అది ఒకే ఏనుగని తెలుస్తుంది. ఒకవైపు మదించి మనుషులను తొక్కుతూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు, భయంతో పక్కవారిని పట్టుకున్న స్త్రీ, ఒక్కొక్కటే బయటపడతాయి. దాదాపు 1,800 ఏళ్ళ క్రితం మన కృష్ణ ఒడ్డున ఒక శిల్పి చిన్న రాతి చక్రంలో కాలాన్ని నడిపించాడు. ఆయన అంత ఓపికగా చెక్కితే మనం కాస్త ఓపికగా చూడవద్దా?

ప్రదర్శనలు కొద్ది నెలలే ఉంటాయి, ఇప్పుడు చూడకపోతే మళ్ళీ దొరకవంటావు. ఆ మాట నిజమే. కాగితం మీద వేసిన బొమ్మలు వెలుగుకు వెలిసిపోతాయి కాబట్టి కొన్నాళ్ళు బయటపెట్టి, తర్వాత ఏళ్ళ తరబడి చీకట్లో దాస్తారు. మార్క్ రోత్కో మీ హార్వర్డ్ కోసమే వేసిన కుడ్యచిత్రాల సంగతి చూడు. 1964లో వాటిని భోజనశాలలో పెద్ద కిటికీల ఎదుట తగిలించారు. ఎండకు ఎరుపు హరించుకుపోయింది, 1979కల్లా దింపి దాచేశారు. 2014లో మళ్ళీ చూపినప్పుడు కాన్వాసును ముట్టుకోకుండా, ప్రొజెక్టర్ల వెలుగుతోనే పాత రంగులు రప్పించారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ వెలుగు ఆపేసేవారు. మధ్యాహ్నం పది నిమిషాలు చూసి వెళ్ళినవాళ్ళకు ఒక బొమ్మే దక్కింది, నాలుగు దాటేదాకా ఉన్నవాళ్ళకు పోయిన రంగూ మిగిలిన రంగూ రెండూ దక్కాయి. కాబట్టి పట్టిక చూడు, తేదీలు రాసుకో, ఏది త్వరగా వెళ్ళిపోతుందో అదే ఎంచుకో. ఆ ఎంపికకే పట్టిక కావాలి.

నీది గణాంకాల చదువు, బొమ్మలతో పనేముందని మీ నాన్న అన్నాడట. యేల్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులను అక్కడి బ్రిటిష్ ఆర్ట్ సెంటర్‌కు తీసుకెళ్ళి, చిత్రాల్లో కనిపించినదాన్ని కనిపించినట్టు వర్ణించడం నేర్పించారు. ఆ తర్వాత రోగుల ఫొటోల్లో లక్షణాలను వాళ్ళు మిగతావాళ్ళకంటే బాగా పట్టుకోగలిగారు. ఇది 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. అంకెల పట్టికలోనూ ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలగాలి కదా. ఈ మాట మీ నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు, నా పేరు ఎత్తకు.

ప్రసంగాలకు వెళ్ళవద్దని నేననను. కానీ బొమ్మను ముందు నీ కళ్ళతో చూశాక వెళ్ళు, అప్పుడు పండితుడి మాటకు నీ దగ్గరా ఒక ప్రశ్న ఉంటుంది. 2023 నుంచి మీ హార్వర్డ్ మ్యూజియమ్స్‌లో అందరికీ ప్రవేశం ఉచితం, టికెట్టు డబ్బులు రాబట్టుకోవాలన్న తొందర లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. అక్కడి సంపదలో గోడలకెక్కేది కొద్ది భాగమే. మిగతావాటిలో కావలసినదాన్ని ముందుగా అడిగి సమయం తీసుకుంటే, ఆర్ట్ స్టడీ సెంటర్‌లో బయటికి తీసి నీ ముందు పెడతారు. చాలా ఊళ్ళలో దొరకని భాగ్యం అది. వారానికి అరగంట చాలు, పరీక్షలప్పుడు అదీ వద్దు. నిద్ర మాత్రం మానకు.

డిసెంబరులో నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు వాడీ అదై మీదుగా పాత మస్కట్ వెళ్ళి నేషనల్ మ్యూజియం చూద్దాం, ఒక్క గదే. ఈలోగా నువ్వు ఎంచుకున్న బొమ్మ గురించి రెండు పేజీలు రాయి. పేరూ చిత్రకారుడి చరిత్రా అక్కర్లేదు, కనిపించింది చాలు. ప్రయాణం తేదీలు ఖాయం కాగానే చెప్పు, పెదనాన్న సెలవు పెట్టుకోవాలి.

ప్రేమతో,
పెద్దమ్మ