ఓఎల్‌ఈడీ, ఎల్‌సీడీ: ఫోన్ తెరల్లో తేడా ఏమిటి?

ఎల్‌సీడీ: లిక్విడ్ క్రిస్టల్ డిస్‌ప్లే. ద్రవ స్ఫటికాలు స్వయంగా వెలగవు. ధ్రువణ ఫలకాల మధ్య ఉండి బ్యాక్‌లైట్ కాంతిని నియంత్రిస్తాయి. వీటిని 1888లో గుర్తించింది ఆస్ట్రియాకు చెందిన ఫ్రెడరిక్ రైనిట్జర్. ఆయన వృక్షశాస్త్రవేత్త, పరీక్షలో ఆప్షన్లలో ‘భౌతిక శాస్త్రవేత్త’ కనిపిస్తే మోసపోవద్దు.

ఓఎల్‌ఈడీ: ఆర్గానిక్ లైట్ ఎమిటింగ్ డయోడ్. కర్బన సమ్మేళనాల పొర గుండా విద్యుత్తు ప్రవహిస్తే పిక్సెల్ తానే వెలుగుతుంది. బ్యాక్‌లైట్ అక్కర్లేదు. ఆచరణలో పనికొచ్చే తొలి ఓఎల్‌ఈడీని 1987లో రూపొందించింది: ఈస్ట్‌మన్ కొడాక్ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్. ఓఎల్‌ఈడీ వాడిన తొలి ఐఫోన్: ఐఫోన్ ఎక్స్ (2017).

అడిగే అవకాశం ఎక్కువ: డార్క్ మోడ్‌తో బ్యాటరీ ఏ తెరలో ఆదా అవుతుంది? ఓఎల్‌ఈడీలో. నల్లని చోట పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది. చీకటి గదిలో నల్లటి బొమ్మ తెరిచి చూడండి, ఎల్‌సీడీ తెర బూడిద రంగులో మెరుస్తూనే ఉంటుంది. తెల్లటి పేజీలు చదివేటప్పుడు మాత్రం ఓఎల్‌ఈడీ ఎక్కువ విద్యుత్తు తాగుతుంది. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు.

బర్న్-ఇన్: స్టేటస్ బార్ గుర్తుల వంటి కదలని బొమ్మల జాడ తెరపై నిలిచిపోవడం. ఓఎల్‌ఈడీ లోపం. నీలి పిక్సెళ్లు త్వరగా క్షీణిస్తాయి.

మడత ఫోన్లు: ఓఎల్‌ఈడీ.

తికమక ప్రశ్న: క్యూఎల్‌ఈడీ పేరుతో అమ్మే టీవీలు ఏ రకం? ఎల్‌సీడీయే, క్వాంటమ్ డాట్ల పొర అదనం.